నా గ్లాసు వేరుగా పెట్టారు

కోస్తాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 36. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి మూడేళ్ళు. ఊరూ పేరూ వద్దన్నారు కాబట్టి ఆనవాళ్ళు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

నాలుగేళ్ళుగా ఆమెకు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. మొదట బ్రష్ మీద చిన్న మరక. తరువాత జామకాయ కొరికితే కాయ మీద ఎర్రటి గాటు. ఇప్పుడు కొన్ని ఉదయాలు నిద్ర లేచేసరికే నోట్లో ఇనుము నాకినట్టు రుచి. రెండేళ్ళ కిందట ఒక పళ్ళ డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించుకున్నారు. ఆ తరువాత కింది ముందు పళ్ళ మధ్య సందులు బయటపడ్డాయి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది, ఒక పన్ను కొద్దిగా కదులుతోంది. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని చెబితే విన్నావా?" అని ఇంట్లో అందరూ ఒకటే మాట. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. రక్తం చూసి భయపడి ముందు పళ్ళకు బ్రష్ ఆనించడం మానేశారు, ఉప్పూ పసుపూ కలిపి వేలితో రుద్దుకుంటున్నారు. మందుల షాపులో అడిగి రెండుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు వాడారు. వాడిన వారం బాగుంది, నెల తిరగకుండానే మళ్ళీ మొదటికి వచ్చింది.

ఇదంతా కలిపి ఒక పేజీ. మిగిలిన మూడు పేజీలూ ఇంటి గురించే. ఒక రాత్రి భర్త ముఖం పక్కకు తిప్పుకుని "నీ నోరు వాసన వస్తోంది" అన్నారట. ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి ఆయనకు ఎదురుగా నిలబడి మాట్లాడలేదని రాశారు. తరగతిలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాఠం చెబుతున్నారు. చిగుళ్ళ జబ్బు సూక్ష్మజీవుల వల్ల వస్తుందనీ, ఎంగిలి తగిలితే అంటుకుంటుందనీ అత్తగారు ఎక్కడో విన్నారు. ఆనాటినుంచి కోడలి గ్లాసు వేరు, కంచం వేరు. చిన్నవాడికి ఆమె చేత్తో అన్నం కలిపి పెట్టడం కూడా వద్దన్నారు.

ఈ మధ్య ధైర్యం చేసి ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నారు. ఒకరు పంటికీ చిగురుకూ మధ్య సందు లోతు ఆరేడు మిల్లీమీటర్లు ఉందని, మత్తు ఇచ్చి కొన్ని విడతల్లో లోపలి దాకా శుభ్రం చేయాలని, తరువాత అవసరమైతే చిన్న ఆపరేషన్ అని చెప్పారు. రెండో ఆయన కింది ముందు పళ్ళు నాలుగూ తీసేసి ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పళ్ళు, పెట్టేద్దామన్నారు. "మా అమ్మకు నలభై అయిదేళ్ళకే పళ్ళన్నీ ఊడిపోయాయి, నాకూ అంతేనా? వేపపుల్ల తప్ప మరొకటి ఎరగని మా అత్తగారికి డెబ్బయ్యేళ్ళకూ గట్టి పళ్ళు. రోజుకు పది సిగరెట్లు కాల్చే మావారికి ఒక్క చుక్క రక్తం రాదు. నాకే ఎందుకు? నేను నిజంగా ఇంట్లో వాళ్ళకు అంటించేదాన్నేనా? ఎవరి మాట వినాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, ఏదో గుర్తుకొచ్చి రాసినట్టు ఒక వాక్యం: "చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పు తరువాత తగ్గిపోయింది లెండి."

అమ్మా, ముందు ఎంగిలి సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో మిమ్మల్ని కోస్తున్నది పన్ను కాదు, ఆ గ్లాసు.

మీ అత్తగారి మాటలో నిజమే లేదని అనను. సగం నిజం ఉంది, చిక్కంతా అందుకే. చిగుళ్ళ జబ్బులో బాక్టీరియా పాత్ర ఉన్న మాట వాస్తవం. అవి ఉమ్మితో ఒకరి నుంచి ఒకరికి చేరగలవు, కొన్ని జంటల్లో భార్యాభర్తలిద్దరి నోళ్ళలోనూ అచ్చంగా ఒకే రకం దొరికిన సందర్భాలూ ఉన్నాయి. కానీ బాక్టీరియా చేరడం వేరు, జబ్బు రావడం వేరు. ఈ జబ్బులో ఎక్కువగా పేరు వినిపించే బాక్టీరియా పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్. అసలు ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల నోట్లో దీన్ని ఒక్కదాన్నే పెట్టి చూశారు. పంటి ఎముక కరగలేదు. మామూలుగా పెరిగిన ఎలుకల్లో పెడితే, అదీ కొద్దిపాటి సంఖ్యలోనే, ఎముక కరిగింది. అంటే ఇది ఒంటరిగా ఇల్లు కూల్చే దొంగ కాదు. అప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళను చెడగొట్టి, వాళ్ళ చేతే పని చేయిస్తుంది. చిగుళ్ళ పరిశోధకులు ఈ సంగతి 2011లో ప్రకటించారు. అంతకు ముందు 1998లో, అమెరికాలో సిగ్మండ్ సోక్రాన్స్కీ బృందం లోతైన చిగురు సందుల్లో ఎప్పుడూ కలిసి కనిపించే మూడు బాక్టీరియాలను గుర్తించి వాటికి ఎర్ర గుంపు అని పేరు పెట్టింది. అందులో ఇదొకటి. గుంపు అన్న మాట గుర్తుంచుకోండి. మీ గ్లాసు అంచున అంటిన నాలుగు క్రిములు గుంపు కాదు, సబ్బుతో కడిగితే అవీ ఉండవు.

ఇక అన్నం ముద్ద. కడిగిన చేత్తో కలిపిన అన్నానికి ఎంగిలి ఎక్కడిదమ్మా? మీ చిగుళ్ళలోని బాక్టీరియా మీ వేళ్ళ మీదకు నడిచి రాదు. వాడికి పెట్టవలసినవాళ్ళు మీరే, ఈ పూట నుంచే పెట్టండి. పాటించదగ్గ జాగ్రత్త ఒకటుంది: చెంచా మీ నోట్లో పెట్టుకుని వేడి చూసి అదే చెంచా పిల్లవాడి నోట్లో పెట్టకండి. పళ్ళు పుచ్చడానికి కారణమయ్యే బాక్టీరియా పసిపిల్లలకు ఎక్కువగా అలా పెద్దల ఉమ్మి నుంచే అందుతుంది. ఇది మీ ఒక్కరికే చెబుతున్నది కాదు. నాన్నకూ, నానమ్మకూ వర్తిస్తుంది. ఈ నియమం ఇంట్లో పెట్టాలంటే అందరి మీదా పెట్టాలి.

నోట్లో క్రిములున్నాయన్న సిగ్గు కూడా అనవసరం. 1683లో డెల్ఫ్ట్ అనే డచ్చి పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తాను అరగదీసిన భూతద్దం కింద తన పంటి మీది తెల్లటి పాచిని పెట్టి చూశాడు. ప్రాణమున్నవేవో అందులో గిరగిరా తిరుగుతున్నాయి. తన దేశంలోని జనం కంటే తన నోట్లోని జీవులే ఎక్కువని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి రాశాడు. ఆయన రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు తోముకునేవాడు, ఆ సంగతీ అదే ఉత్తరంలో రాసుకున్నాడు. అయినా ఆ జీవులు అక్కడే ఉన్నాయి. ఉప్పు మీద మీ నమ్మకానికి మూడు వందల ఏళ్ళ కిందటే వచ్చిన జవాబది. మనుషుల నోళ్ళలో దాదాపు 700 రకాల బాక్టీరియాను గుర్తించారు. అందులో చాలా భాగం మనకు మేలు చేసేవో, మన జోలికి రానివో.

మరి తగాదా ఎక్కడ మొదలవుతుంది? తోముకున్న కొద్ది గంటలకే పంటి మీద మళ్ళీ పాచి పట్టడం మొదలవుతుంది. అది వట్టి మురికి కాదు, బాక్టీరియా జిగురు పూసుకుని కట్టుకున్న కాపురం. రెండు మూడు రోజులు కదిలించకపోతే అందులోకి ఉమ్మిలోని కాల్షియం చేరి గట్టిపడుతుంది. గోడకు పూసేదాన్నీ, పంటికి పట్టేదాన్నీ మనవాళ్ళు గార అనే ఒకే మాటతో పిలిచారు. ఇంత సరైన పేరు నేను డాక్టర్ల పుస్తకాల్లో కూడా చూడలేదు. గార గరుకుగా ఉంటుంది కాబట్టి దాని మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా పడుతుంది. చిగురు దానికి వాచి, పంటిని వదిలి పక్కకు జరుగుతుంది. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోతుండవలసిన సందు నాలుగు, అయిదు, ఆరు అవుతుంది. అంత లోతులో గాలి ఉండదు. గాలి పడని బాక్టీరియాకు అదే స్వర్గం. అక్కడ అవి వదిలే గంధకపు వాయువుల వల్లే ఆ వాసన. కుళ్ళిన గుడ్డు వాసనకు కారణమైన వాయువు కూడా ఆ జాతిదే. కడుపులో వేడి చేసిందని మజ్జిగ తాగితే పోయేది కాదు, మీ శుభ్రతకు సంబంధించిన మచ్చా కాదు. సందు లోతు తగ్గితే వాసనా తగ్గుతుంది.

ఇంకొక సంగతి. ఎలుకల్లో పెట్టి చూసిన ఆ పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్‌కు బతకడానికి ఇనుము కావాలి. దాన్ని అది మన రక్తంలోని హిమోగ్లోబిన్ నుంచి తీసుకుంటుంది. చిగురు వాచితే రక్తం, రక్తం ఉంటే దానికి విందు, అది బలిస్తే ఇంకా వాపు. రక్తం వస్తోందని మీరు బ్రష్ ఆపిన చోటే దానికి విస్తరి వేసినట్టయింది. తప్పు మీది కాదు, రక్తం చూస్తే ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటారు. కానీ ఇక్కడ చెయ్యవలసింది సరిగ్గా దానికి ఎదురు. కుచ్చు మెత్తగా ఉన్న బ్రష్‌ను చిగురూ పన్నూ కలిసే గీత మీద ఏటవాలుగా ఆనించి, గట్టిగా రుద్దకుండా చిన్నచిన్నగా కదిలించండి. మొదటి వారం పది రోజులు రక్తం వస్తూనే ఉంటుంది, తరువాత తగ్గడం మీకే తెలుస్తుంది. సందులు పడ్డ చోట మామూలు బ్రష్ దూరదు. పళ్ళ సందుల్లో దూర్చే సన్నటి చిన్న బ్రష్‌లు అమ్ముతారు, రాత్రి పడుకునే ముందు ఒకసారి వాడండి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, మానమనను. పసుపు వల్ల నష్టం లేదు. కానీ ఇవేవీ ఆరు మిల్లీమీటర్ల లోతుకు దిగవు, బ్రష్ కూడా దిగదు. అందుకే డాక్టరు కావాలి.

"నాకే ఎందుకు" అన్న ప్రశ్నను మీరు కోపంగా అడిగారు, అడగవలసిందే. హెరాల్డ్ లో అనే నార్వే దేశపు దంతవైద్యుడు 1970 నుంచి శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీల పళ్ళను పదిహేనేళ్ళ పాటు గమనించాడు. పళ్ళు తోముకునే అలవాటూ, దంతవైద్యమూ దాదాపు ఎరగని జనం వాళ్ళు. అందరి పళ్ళ మీదా పాచి, గార. అందరికీ చిగుళ్ళ వాపు. అయినా 1986లో లెక్క తేల్చితే వందలో 8 మందికి పంటి పట్టు వేగంగా పోయింది, 81 మందికి మెల్లగా పోయింది, 11 మందికి చిగుళ్ళ వాపుతోనే ఆగిపోయింది. ఒకే రకం పని, ఒకే రకం తిండి, ఒకే పాచి! తేడా ఒంట్లో ఉంది. బాక్టీరియా మీదకు మన శరీరం పంపే సైన్యం కొందరిలో హద్దు మీరి సొంత ఎముకనే కరిగిస్తుంది. మీ అత్తగారు ఆ పదకొండు మందిలోని మనిషి అయి ఉండవచ్చు. అది వేపపుల్ల గొప్పతనమో, అదృష్టమో ఆవిడతో వాదించకండి, గెలవలేరు. మీ అమ్మగారి నుంచి ఆ స్వభావం మీకు కొంత వచ్చి ఉండవచ్చు. కానీ ఆవిడకు వైద్యం అందలేదు, మీకు అందుబాటులో ఉంది. నలభై అయిదేళ్ళ గడువు మీ నుదుట రాసి లేదు.

ఇక మీరు తేలిగ్గా రాసి వదిలేసిన చివరి వాక్యం దగ్గరకు వస్తాను. నా దృష్టిలో మొత్తం ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం అదే. రక్తం మొదలై నాలుగేళ్ళు, చిన్నవాడికి మూడేళ్ళు. లెక్క వేసుకున్నారా? అది మొదలైన రోజుల్లో మీరు గర్భవతి. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్ళు కొద్దిపాటి పాచికే ఉబ్బిపోతాయి, చాలామందికి కాన్పు తరువాత సర్దుకుంటాయి. మీకు సర్దుకోలేదు. అప్పట్లో షుగర్ వచ్చి తగ్గినవాళ్ళకు తరువాతి ఏళ్ళలో అది నిలకడగా వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువ. షుగర్ ఉంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. లేదని తేలితే మంచిది. ఉందని తేలినా ఇప్పుడే తెలియడం మంచిది, చిగుళ్ళకు వైద్యం జరిగితే ఆ అంకె కూడా కొంత దిగుతుంది. మందుల షాపు మాత్రల జోలికి మాత్రం వెళ్ళకండి. జిగురు కాపురంలో దాక్కున్న బాక్టీరియా మీద ఉత్త మాత్రలు వేయడం తలుపులు వేసుకున్న ఇంటి మీద వాన కురిసినట్టే. ముందు ఆ ఇల్లు పడగొట్టాలి. తరువాత కూడా యాంటీబయాటిక్ అవసరమా లేదా అన్నది డాక్టరు నిర్ణయం.

క్లీనింగ్ వల్ల పళ్ళు కదిలాయన్న మాట తెలుగునాట ఇంటింటా వినిపిస్తుంది. జరిగింది వేరు. ఎముక అంతకు ముందే కరిగింది. పళ్ళ మధ్య గోడలా పేరుకున్న గార ఆ పళ్ళను పక్కపక్కన పట్టి ఉంచింది, సందులను మూసింది, వేరును కప్పింది. గార తీశారు, వాపు తగ్గి చిగురు కిందికి దిగింది, ఉన్న నష్టం బయటపడింది. ఆ డాక్టరుగారు ఈ మాట ముందే చెప్పి ఉంటే మీకు రెండేళ్ళు మిగిలేవి. పై పై క్లీనింగ్‌తో ఆపి, సందుల లోతు కొలవకుండా పంపడం కూడా లోపమే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏమీ చేయకుండా ఉండిపోవడం ఒక దారే, చాలామంది ఎంచుకునేదీ అదే. నొప్పి ఉండదు కాబట్టి ఏళ్ళు గడిచిపోతాయి. ఈలోగా కరిగే ఎముక తనంతట తాను తిరిగి పెరగదు. మీ చిగురు సందులు ఇంత లోతుగా ఉన్నప్పుడు ఈ దారికి నేను ఓటు వేయను.

లోపలి దాకా శుభ్రం చేయించుకునే దారిలో ఓపిక కావాలి. మత్తు సూది ఇచ్చి, వేరు మీది గారను తీసి నున్నగా చేస్తారు. రెండు మూడు నెలల తరువాత మళ్ళీ కొలుస్తారు. చాలా చోట్ల లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అప్పటికీ లోతు తగ్గని ఒకటి రెండు చోట్ల మాత్రమే చిగురు విప్పి, కంటికి కనిపించేలా శుభ్రం చేసి కుట్టు వేయడం గురించి ఆలోచిస్తారు. కాబట్టి ఆపరేషన్ అన్న మాటకు ఈ రోజే భయపడనక్కరలేదు. ఒక నష్టం ఉంది, దాచను: పళ్ళు కొంచెం పొడుగ్గా కనిపిస్తాయి, సందులు ఇంకొంచెం తెలుస్తాయి, కొన్ని వారాలు జివ్వుమంటుంది. దానికి పేస్టులున్నాయి. తరువాత మూడు నెలలకోసారి వెళ్ళి చూపించుకోవాలి, ఎందుకంటే శుభ్రం చేసిన సందుల్లో బాక్టీరియా కొన్ని వారాల్లోనే మళ్ళీ గుంపు కడుతుంది. ఇది ఒకసారి చేయించుకుని మరిచిపోయే పని కాదు. ఖర్చు భారమనుకుంటే విజయవాడ, కడప, హైదరాబాద్‌లలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి, వాటిలో చిగుళ్ళకు ప్రత్యేక విభాగమే ఉంటుంది. ఎక్కువసార్లు తిరగాలి, సెలవులు పెట్టాలి.

పళ్ళు తీసి ఇంప్లాంట్లు పెట్టే దారిని కొట్టిపారేయను. కానీ ఆ గుంపు ఇంప్లాంటునూ వదలదు. దాని చుట్టూ కూడా ఎముక కరుగుతుంది, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ. అంటే ఈ దారిలో వెళ్ళినా ముందు మిగతా చిగుళ్ళకు వైద్యం జరగాలి. ఆ తరువాత తీయవలసిన పళ్ళు తీయవచ్చు, తీసిన పన్నును మాత్రం వెనక్కి పెట్టలేరు. కొద్దిగా కదిలే పన్నును పక్క పళ్ళతో కలిపి కట్టి నిలబెట్టే పద్ధతీ ఉంది. రెండో డాక్టరుగారిని రెండు మాటలు అడగండి: ఎక్స్‌రేలో ఈ నాలుగు పళ్ళకు ఎముక ఎంత మిగిలింది? శుభ్రం చేసి మూడు నెలలు ఆగితే నష్టమేమిటి? రెండో ప్రశ్నకు ఆయన తడుముకుంటే మీకు జవాబు దొరికినట్టే.

మీవారి గురించి. ఆయనకు ఒక్క చుక్క రక్తం రాదని రాశారు. అది చదివి నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది. పొగ తాగే అలవాటు చిగుళ్ళ నుంచి రక్తం రావడాన్ని అణిచేస్తుంది. లోపల జబ్బు ముదురుతున్నా పైకి రక్తం కనిపించదు, చిగురు గట్టిగా, పాలిపోయి, ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంటుంది. రోజుకు పది సిగరెట్ల నోట్లో రక్తం రాకపోవడం మంచి గుర్తేమీ కాదు. మీలో ఎవరి గ్లాసు వేరుగా పెట్టాలో ఇద్దరి చిగుళ్ళూ కొలిచే దాకా ఎవరూ చెప్పలేరు.

ఈ సంగతి ఆయనతో ఎలా కదపాలన్నది మీ కాపురం తెలిసిన మీరే నిర్ణయించుకోవాలి. ఏమీ అనకుండా వైద్యం చేయించుకుని వాసన తగ్గాక ఆయనే గమనించేలా చేయవచ్చు. గొడవ ఉండదు, కానీ ఆ ఏడాదిన్నర మౌనం మీలోనే ఉండిపోతుంది. "ఆ రోజు మీరన్న మాట నాకు గుచ్చుకుంది, ఇది జబ్బు, వైద్యం ఉంది, నాతో రండి" అని సూటిగా చెప్పవచ్చు. ఆయన మొరటుగా అన్నారే తప్ప చెడ్డవారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నాకైతే ఈ దారి నచ్చింది. ఎదురుగా కూర్చుని చెప్పడం కష్టమనిపిస్తే బండి మీద వెనక కూర్చున్నప్పుడు చెప్పండి. ఎన్నో ఇళ్ళలో అసలు మాటలు అక్కడే మొదలవుతాయి. అత్తగారికి మీరు చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది. డాక్టరు ముందు ఆవిడ కొడుకు కూర్చుని విని వచ్చి చెబితే గ్లాసు దానంతట అదే అలమరలోకి వెళుతుంది. వెళ్ళకపోతే, చెప్పవలసింది మళ్ళీ ఆయనే.

మొదటి రోజు డాక్టరు సన్నటి కొలత పుల్లతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల కొలిచి అంకెలు రాస్తారు. ఆ కాగితం నకలు అడిగి తీసుకోండి, మీ హక్కు అది. మూడు నెలల తరువాత రెండో కాగితం వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి నాకు రాయండి. వీలైతే మీవారి కాగితం కూడా.